క్లాసెన్ ఇంటి దగ్గర కూత

లవాన్ ప్రోకోప్ నిదానంగా మాట్లాడేది, నిదానంగా తినేది, సూది కూడా రోగికి తెలియనంత నిదానంగా గుచ్చేది. స్టీరింగు చేతికొస్తే మాత్రం ఆవిడకి పూనకం వచ్చేది. నెబ్రాస్కాలో మొక్కజొన్న చేల మధ్య, ఒక గడప దాటి ఇంకో గడప చేరాలంటే మైళ్లకి మైళ్లు పోవలసిన ఆ కౌంటీలో, మంచాన పడ్డ రైతుల ఇళ్లకి వెళ్లి కట్లు మార్చడం, షుగరు చూడటం, మందులు మింగించడం ఆవిడ పని. పెళ్లి నిలవలేదు, పిల్లలు లేరు. ఆ రోడ్లే ఆవిడ సంసారం. తిన్నగా, గీత గీసినట్టుండే రోడ్డు మీద కాలు బిగబట్టుకోవడం తన వల్ల కాదనేది.

వేగానికి పోలీసులు ఆపి చలాను రాయడం ఆవిడకి కొత్త కాదు. కానీ ఆ వసంతంలో జడ్జి కళ్లజోడు పైనుంచి చూసి, ఇంకొక్కసారి వస్తే లైసెన్సు లాగేసుకుంటానన్నాడు. లైసెన్సు పోతే ఉద్యోగం పోయినట్టే. తిన్నగా చెల్లెలి మొగుడు మెర్లిన్ దగ్గరికి వెళ్లింది. అతనికి ఊళ్లో కార్ల స్టీరియోలు బిగించే కొట్టుంది.

"పోలీసు రాడారుని ముందే పసిగట్టే యంత్రం ఒకటియ్యి మెర్లినూ. రోజూ తిరిగే బండికి."

"నెమ్మదిగా నడపడం అనే యంత్రం ఒకటుంది వదినా. ఊరికే వస్తుంది."

"నీ వెటకారం నీ దగ్గరుంచుకో. డిటెక్టరు చూపించు."

మెర్లిన్ గల్లా మీద వరసగా పెట్టాడు. లవాన్ అన్నిటికంటే చిన్నదాన్ని తీసుకుంది. మూడో రోజుకల్లా దాన్ని తెచ్చి గల్లా మీద పడేసింది. కిరాణా కొట్టు ముందు నుంచి పోతే అరిచింది, బ్యాంకు ముందు అరిచింది, ఎదురుగా కొత్త కారు వస్తే అరిచింది. పక్షవాతం వచ్చిన ముసలమ్మ వాకిట్లో అదే పనిగా మొరిగితే ఆమె కుక్క తిరిగి మొరిగింది.

"దానికి బుద్ధి లేదు, చెవులే ఉన్నాయి," అన్నాడు మెర్లిన్. "వాటంతటవే తెరుచుకునే తలుపులు కూడా రాడారుతోనే పని చేస్తాయి. కొత్త కార్లు పక్కన బండి ఉందా అని చూసుకునేదీ రాడారుతోనే. ఎప్పుడో ఒకసారి ఊరు దాటేవాడికి ఏదైనా సరిపోతుంది. నీలా దినమంతా తిరిగేదానికి ఎప్పుడు నోరు మూసుకోవాలో తెలిసింది కావాలి." ఇంకోటి తీసి తెర మీద వేలు పెట్టి చూపించాడు. "ఇక్కడ కె అని ఒక్క అక్షరమొస్తే తలుపో, ఇంకో కారో అయి ఉండొచ్చు. పక్కన ఎ కూడా కలిసి రెండక్షరాలొస్తే మాత్రం తలుపు కాదు, చుట్టం కాదు. పోలీసే. బ్రేకు మీద కాలెయ్యి."

ఆ రెండోది తీసుకుంది. కాస్త నోరున్నదే గానీ నమ్మకమైనది. వేసవంతా ఆవిడ్ని ఎవరూ ఆపలేదు.

పాత రైలు గేటు దాటాక రోడ్డు ఒకచోట కొద్దిగా వంగుతుంది. అక్కడ గాలికి అడ్డంగా ఎప్పుడో నాటిన దేవదారు చెట్ల వరస, దాని వెనక క్లాసెన్ వాళ్ల ఇల్లు. రంగు ఊడిపోయి, కింది కిటికీలకి చెక్కలు కొట్టి ఉండేది. ఇంటి యజమాని హార్లన్ క్లాసెన్ ఒకప్పుడు కౌంటీ పోలీసు పెద్ద షెరీఫ్ దగ్గర డెప్యూటీ. భార్య ఎర్మా పోయాక ఒమాహా నగరంలో మేనకోడలి దగ్గరికి వెళ్లిపోయాడని ఊరంతా అనుకునేది.

కోతల ముందు రోజుల్లో ఒక మధ్యాహ్నం ఆ వంపు దగ్గర డిటెక్టరు గట్టిగా ఒక్క కూత కూసి ఆగిపోయింది. తెర మీద రెండక్షరాలు. లవాన్ బ్రేకు తొక్కి ముందూ వెనకా చూసింది. పోలీసు బండి లేదు. అసలు ఏ బండీ లేదు. చేలు తలలెత్తి కదలకుండా నిలబడి ఉన్నాయి. మర్నాడూ అంతే. ఆ తర్వాతా అంతే. అదే చోట ఒకే ఒక్క కూత, ఎవరో చూసి కన్ను మూసుకున్నట్టు. ఆ వంపు వస్తోందంటేనే ఆవిడ అద్దంలో వెనక్కి చూసుకునేది.

కోతలు అయిపోయి చలి మొదలయ్యాక, ఊళ్లో హోటల్లో చిల్లీ అనే మాంసం పులుసు, దాల్చినచెక్క రొట్టె తింటున్న డెప్యూటీ గ్రాంట్ ఓల్సన్ ఎదురుగా వెళ్లి కూచుంది. చిన్నప్పుడు అతనికి టీకాలు వేసింది ఆవిడే.

"గేటు దాటాక క్లాసెన్ ఇంటి దగ్గర దాక్కుని ఏం చేస్తున్నార్రా మీరు?"

"అక్కడ మేమెవ్వరం ఉండం లవానమ్మా. ఎందుకు?"

"నా డిటెక్టరు రోజూ కూస్తోంది."

"పోలీసు ముందే డిటెక్టరు మాట ఎత్తావంటే నీది మామూలు గుండె కాదు," అని నవ్వాడు. "ఏదో తలుపై ఉంటుంది."

"తలుపెక్కడిదిరా అక్కడ? రెండక్షరాలూ వస్తున్నాయి."

అతని చెంచా గిన్నెలోనే ఆగింది. "అయితే అది మాదే," అన్నాడు మెల్లగా. "కానీ మేం అక్కడ లేం."

ఆ మాట ఆవిడతో పాటే ఇంటికొచ్చింది.

తర్వాత వారం ఒక పొద్దున పొగమంచు నేల మీదికి దిగింది. కారు ముక్కు తప్ప ఇంకేమీ కనిపించడంలేదు. అయినా ఆవిడ కాలు తగ్గలేదు. వంపు దగ్గర మళ్లీ కూత. ఈ మంచులో తనకే రోడ్డు కనబడని చోట తనని చూస్తున్నదేమిటని లవాన్‌కి భయం కన్నా కోపం ఎక్కువొచ్చింది. కారు పక్కకి ఆపి దిగింది. దేవదారుల మధ్యనుంచి నడిచింది. మేడ మీద ఒక కిటికీ మాత్రం జానెడు తెరిచి ఉంది. అందులోనుంచి నల్లటి గొట్టంలాంటిది ఆవిడ వైపే చూస్తోంది.

"డెబ్బై తొమ్మిది," అంది పైనుంచి ఒక గొంతు. "ఇంత మంచులో గంటకి డెబ్బై తొమ్మిది మైళ్లు. సిగ్గు లేదూ నర్సమ్మా?"

వెనక తలుపు గొళ్లెం వేసి లేదు. మేడ మీద గదిలో గోధుమరంగు కంబళి కప్పుకుని హార్లన్ క్లాసెన్ కూచుని ఉన్నాడు. గడ్డం పెరిగి, చేతులు సన్నబడి, కళ్లు మాత్రం మేకుల్లా ఉన్నాయి. ఎదుట ముక్కాలి మీద బిగించిన, పోలీసులు బండ్ల వేగం కొలిచే పాత రాడారు గన్ను, గోడ కరెంటుకి తగిలించి. మేనకోడలింటికి వెళ్లాడు గానీ నెల తిరగకుండానే వచ్చేశాడట. సరుకులకి పక్క కౌంటీకి వెళ్లేవాడట, ఎవరూ పలకరించకుండా.

"ఎవర్ని పట్టుకుందామని?" అంది లవాన్.

"ఎర్మా ఉత్తరాలు తెచ్చుకోడానికి వెళ్లింది. మా పెట్టె రోడ్డుకి అవతల ఉంటుంది గదా. పట్టపగలు. నేను రాత్రి డ్యూటీ చేసొచ్చి ఇక్కడే పడుకున్నా. నిద్రలో బండి చప్పుడు విన్నా. బరువైన బండి, వెనకేదో వదులుగా ఊగుతోంది. ఆగలేదు. నేను లేచి వెళ్లేసరికి రోడ్డు మీద ఉత్తరాలున్నాయి." కంబళి భుజం మీదికి లాక్కున్నాడు. "మా పోలీసువాళ్లు ఆ బండి కోసం వెతికారు. దొరకలేదు. ఆ బండి మళ్లీ ఇటు రాకుండా ఎక్కడికి పోతుంది? ఈ కౌంటీకి ఉన్నది ఈ రోడ్డే."

దూరంగా బండి వస్తున్న చప్పుడైంది. హార్లన్ గన్నుకున్న మీట నొక్కాడు. అందులోనుంచి సన్నగా ఈల లాంటి పాట మొదలై, పెరిగి, బండి కిటికీ కింద నుంచి పోగానే ఒరిగిపోయింది.

"విన్నావా? ఒక్కో బండిదీ ఒక్కో గొంతు. వేగాన్ని బట్టి ఈల మారుతుందంతే అంటారు తెలియనివాళ్లు. వదులు బంపరు, ఊగే తోక, అన్నీ ఇందులో వణుకుతాయి. ఇది పాల వ్యాను. ఇది కాదు."

"నా బండి కూడా విన్నారా?"

"మొదట అనుమానపడింది నీదేనమ్మా. ఆ రోజుల్లోనూ నువ్వు ఈ రోడ్డు మీదే గదా తిరిగేదానివి. అప్పుడు నీకు పాత వ్యాను ఉండేది."

లవాన్ గన్ను ముందు నుంచి పక్కకి జరిగింది. "తర్వాత?"

"నువ్వు కాదు," అన్నాడు. కిటికీలోకి చూస్తూ మళ్లీ అన్నాడు, "బహుశా కాదు."

ఆ సాయంత్రం ఆవిడ వంటగదిలో కూచుని, ఎర్మా పోయిన రోజు తాను ఎక్కడున్నదీ గుర్తు చేసుకోడానికి ప్రయత్నించింది. రాలేదు. మనిషిని గుద్దితే తెలియకుండా ఉంటుందా? ఉండదు. ఆ సంగతి ఆవిడకి నిశ్చయంగా తెలుసు. అయినా ఎప్పుడో తుక్కుకి పోయిన వ్యాను బంపరు కళ్ల ముందు ఆడుతూనే ఉంది.

అప్పటినుంచి ఆ వంపు దగ్గర కాలు దానంతటదే తేలికయ్యేది. వేగం తగ్గించి కిటికీ వైపు చెయ్యెత్తేది. డిటెక్టరు ఒక్క కూత కూసేది. అదే హార్లన్ పలకరింపు. ఎప్పుడైనా ఆగి, వద్దంటున్నా రక్తపోటు చూసి, చికెన్ నూడుల్స్ గిన్నె పెట్టి వచ్చేది. ఒమాహాకి ఫోను చేస్తానంటే, చేస్తే తలుపు గొళ్లెం వేసేస్తాననేవాడు. గ్రాంట్‌కి చెప్పింది. అతను వచ్చి చూసి, ముసలాయన్ని ఏమీ అనలేక, టోపీ చేత్తో పట్టుకుని వెళ్లిపోయాడు.

క్రిస్మస్ ముందు మెర్లిన్ ఆవిడ పాత డిటెక్టరు తీసుకుని, మరమ్మతు చేసి ఉంచుతానని, కొత్త రకం ఒకటి బిగించాడు. అది తెలివైనది. ఉత్త చప్పుళ్లని గుర్తుపట్టి తనే మింగేస్తుంది. ఒకరోజు వంపు దగ్గర అది కూస్తుండగా ఎవరో రోగి కూతురు ఏడుస్తూ ఫోను చేసింది. లవాన్ దాని నోరు మూయించడానికి పైనున్న మీట గబగబా రెండుసార్లు నొక్కేసింది. ఆ తర్వాత హార్లన్ కిటికీ పలకలేదు. చెయ్యెత్తినా పలకలేదు. చలికి కిటికీ మూసుకున్నాడేమో, మొత్తానికి మేనకోడలి దగ్గరికే పోయాడేమో అనుకుంది. నిజం చెప్పాలంటే కాస్త తేలికపడింది కూడా. మంచు తుఫాను రావడంతో వారం పైగా ఆ వైపు వెళ్లే పనే పడలేదు.

రోడ్లు తెరిచాక కొత్త డిటెక్టరు తెర వెలగడం మానేసింది. మెర్లిన్ పాతదాన్నే మళ్లీ తగిలిస్తూ అన్నాడు, "ఆ కొత్తదాని జ్ఞాపకాల్లో గేటవతల చోటొకటి ఉంది వదినా. నువ్వే మీట నొక్కి చెప్పావు, అక్కడ ఏం వినబడ్డా నాకు చెప్పొద్దని."

"నేనా?"

"రెండుసార్లు నొక్కితే ఆ చోటుని పూర్తిగా మర్చిపొమ్మని అర్థం."

లవాన్ కోటు గుండీలు పెట్టుకోకుండానే బయల్దేరింది.

గేటు ఇంకా కనబడకముందే డిటెక్టరు మొదలెట్టింది. ఒక్క కూత కాదు. ఆగని కూత, దగ్గరయ్యేకొద్దీ చిక్కబడుతూ. ఇన్నాళ్లూ మీట నొక్కి వదిలేసే వేలు ఇప్పుడు వదలడంలేదు. మంచు మీద ఎండ కళ్లు చెదిరేలా కాస్తోంది. ఇంటి చుట్టూ ఎవరి అడుగులూ లేవు.

వెనక తలుపు తోసింది. ఇంట్లో బయటికన్నా చలి. ఇల్లు వెచ్చబరిచే గ్యాసు అయిపోయినట్టుంది. మెట్లెక్కుతుంటే పైనుంచి సన్నటి మూలుగు వినిపించింది. "హార్లన్ గారూ," అని పిలిచింది. మూలుగు ఆగలేదు. అది గన్నుది. ఆయన కుర్చీలోనే ముందుకి ఒరిగి ఉన్నాడు. వేలు మీట మీద బిగుసుకుపోయి ఉంది. కనుబొమల మీద సన్నగా మంచు పట్టింది. నాడి చూడనవసరం లేదని తెలిసీ చూసింది.

గ్రాంట్‌కి ఫోను చేసి, అతను వచ్చేదాకా మంచం అంచున కూచుంది. ఈలోగా రోడ్డు మీద ఒక బండి వచ్చింది. గన్ను పాట మొదలెట్టింది, పెరిగింది, ఒరిగింది. చచ్చిపోయిన మనిషి దాన్ని వింటున్నట్టే కిటికీ వైపు తల పెట్టుకుని ఉన్నాడు. ఇంకోటి వచ్చింది. తేలికది. ఇది కాదు, అనుకుంది లవాన్. అనుకున్నాక ఉలిక్కిపడింది.

గ్రాంట్ వచ్చి గుమ్మంలో నిలబడిపోయాడు. "ఆ చప్పుడు కట్టెయ్యలేకపోయావా లవానమ్మా?"

"లేకపోయాను," అంది. అతనే వెళ్లి గోడనుంచి తీగ లాగేశాడు.

అంత్యక్రియలకి పదిమంది కూడా రాలేదు. ఒమాహానుంచి వచ్చిన మేనకోడలు, చర్చి నేలమాళిగలో కాఫీ తాగుతూ, మావయ్య వస్తువుల్లో మీకేమైనా కావాలా అని అడిగింది. లవాన్ ఆ గన్ను అడిగింది. ఎందుకడిగిందో ఆవిడకే తెలియలేదు.

చాలా రోజులు అది గరాజులో గుడ్డ కప్పుకుని ఉంది. మార్చిలో ఒక ఆదివారం మధ్యాహ్నం, భోజనానికి బంగాళాదుంపలు స్టవ్వు మీద ఉడకేసి, ఒక్కసారి విని చూద్దామని దాన్ని ముందుగది కిటికీ దగ్గర పెట్టింది. చర్చినుంచి ఇళ్లకి పోతున్న కార్లు. పక్కింటివాళ్ల జీపు. పిజ్జా తెచ్చినవాడు. ఒక్కో దానికీ నిజంగానే ఒక్కో గొంతు. ఇది కాదు. ఇది కాదు. ఇదీ కాదు. కాసేపటికి గదిలో ఏదో తేడాగా తోచి తలెత్తి చూస్తే, వీధి దీపాలు వెలిగి ఉన్నాయి. గిన్నెలో నీళ్లన్నీ ఇగిరి దుంపలు మాడిపోయి, వంటిల్లంతా పొగ. వేలు మీట మీదే ఉంది. తియ్యబోతే నొప్పి పెట్టింది.

ఆవిడ స్టవ్వు ఆర్పింది, కిటికీలన్నీ తెరిచింది. గన్నుని అదే గుడ్డలో చుట్టి కారులో పెట్టి, ఊళ్లో వీధుల్లో గుర్రబ్బండి పోయినంత మెల్లగా నడుపుకుంటూ షెరీఫ్ ఆఫీసుకి వెళ్లింది. గ్రాంట్ డ్యూటీలో ఉన్నాడు. మూట విప్పకుండా బల్ల మీద పెట్టింది.

"ఇది మాది కాదు లవానమ్మా. ఎప్పుడో లెక్కలోంచి తీసేశారు."

"నాదీ కాదురా," అంది. "దీని తీగ కోసెయ్యి. నేను చూస్తుండగా కొయ్యి."

అతను ఆవిడ మొహం చూసి, ఇంకేమీ అడక్కుండా, సొరుగులోంచి కత్తెర తీశాడు.