చేని గట్టు మీద ఉన్ని కోటు

ఉదయం ఆరూ నలభైకి మా వదిన నా కోటు గుండీలను చింతపండుతో తోమింది. టైము ఎందుకు గుర్తుందంటే, నేను అప్పుడే స్నానం చేసి వచ్చి గడియారం చేతికి పెట్టుకుంటున్నాను. సైన్యంలో ఇత్తడి గుండీలు తోమడానికి ఒక పద్ధతి ఉంది. మధ్యలో చీలిక ఉన్న రేకును గుండీ కింద దూర్చి, గుడ్డకు ఏమీ అంటకుండా పాలిష్ రాసి రుద్దాలి. వదినకు ఆ రేకు సంగతి తెలియదు. ఇంట్లో ఇత్తడి చెంబులు తోమినట్టే తోమింది. గుండీలు బాగానే మెరిశాయి. మూడో గుండీ కింద మాత్రం ఉన్ని మీద రూపాయి బిళ్ళంత తడి దిగింది.

"అయ్యో, మచ్చ పడెనే అబ్బీ," అంది.

"ఆరితే పోతుందిలే వదినా," అన్నాను. పోలేదు.

అది ప్రొద్దుటూరులో మా అన్న ఇల్లు. నాకు నాయబ్ సుబేదారుగా ప్రమోషన్ వచ్చాక అదే మొదటి సెలవు. ఆ హోదాతో పాటు టై కట్టుకుని వేసుకునే ఉన్ని కోటు కూడా వచ్చింది. దాన్ని తెమ్మని అన్న రెండుసార్లు ఫోన్ చేశాడు.

"సెలవులో వేసుకోకూడదు అన్నా. సొంత పనులకు అసలే వేసుకోకూడదు."

"ఎవురికి తెలుస్తాదిరా? నాయన సూడల్యాకపాయ. ఆయప్ప దున్నిన చేలో ఒక్క పొద్దు నిలబడు, ఫోటో తీసుకుందాం. దినం దినం అడుగుతానా నేను?"

మా నాయన నేను సైన్యంలో చేరకముందే పోయాడు. ఆ తర్వాత నన్ను చదివించింది అన్నే. నేను సెలక్షన్‌కు తయారవుతున్నప్పుడు, జమ్మలమడుగు దగ్గర పెన్న ఇసుకలో లుంగీ ఎగగట్టి నాతో పాటు పరిగెత్తాడు. ఇసుకలో పరిగెత్తినవాడికి నేల మీద పరుగు ఓ లెక్క కాదని ఎవరో చెప్పారట. నాలుగు అడుగులకే ఆయాసపడి కూర్చునేవాడు. కూర్చుని, నేను ఆగిపోతే తిట్టేవాడు. అలాంటి మనిషి నాయన పేరు చెప్పి అడిగితే కాదనడం నాకు రాలేదు. కోటు పెట్టెలో పెట్టుకుని వచ్చాను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. యూనిఫాంలో జనం మధ్యకు పోవడం మాలో చాలామందికి ఇష్టం ఉండదు. బయటివాళ్ళు ఈ మాట నమ్మరు. వేసుకోవడానికి సిగ్గు కాదు. పెరేడ్‌లో వందమందితో కలిసి నిలబడ్డప్పుడు అది మామూలు బట్ట. రైల్వే ప్లాట్‌ఫాం మీద ఒక్కడివే నిలబడ్డప్పుడు అది నీకంటే పెద్దదైపోతుంది. ఎవరో ముసలాయన లేచి సీటు ఇస్తాడు. టీ కొట్టతను డబ్బులు వద్దంటాడు. ఎవరో వచ్చి ఎంతమందిని కాల్చావని అడుగుతారు. నేను ఇరవై ఆరేళ్ళు వైద్య విభాగంలో నర్సింగ్ అసిస్టెంట్‌గా పనిచేశాను. పుండ్లు కడిగాను, కట్లు కట్టాను, సెలైన్లు పెట్టాను. ఆ గౌరవం నేను చేసిన పనికి కాదని నాకు తెలుసు. దాన్ని వద్దని ఎలా చెప్పాలో మాత్రం తెలియదు.

పైగా చేతుల గొడవ. జేబులో పెట్టుకోకూడదు. ఎవరైనా దండం పెడితే తిరిగి దండం పెట్టాలా, సెల్యూట్ కొట్టాలా? కొత్తలో మా హవల్దార్ ఒకాయన, ఉత్తరాది మనిషి, నా అవస్థ చూసి ఒక ఉపాయం చెప్పాడు. ఎవరైనా దూరం నుంచి నీ వైపు చూస్తే చిన్నగా తలూపి ముందుకు నడువు, అంతకంటే ఏమీ ఇవ్వకు, ఏమీ తీసుకోకు, అన్నాడు. అది నాకు నచ్చింది. అప్పటి నుంచి అదే చేసేవాణ్ణి. సర్వీసంతా అలా తలూపుతూనే గడిచింది.

ఆ రోజు అన్న కారులో బయల్దేరాం. మార్చి నెల. జమ్మలమడుగు బస్టాండు దగ్గర టీకి ఆగేసరికే చొక్కా వీపుకు అంటుకుపోయింది. టీ కొట్టు ముందు నిలబడ్డ ఒకాయన నన్ను కిందికీ మీదికీ చూసి అన్నను అడిగాడు.

"ఏంది మామా, ఇంత ఎండలో ఉన్ని కోటు? సలిజొరమా ఏంది ఆయప్పకు?"

"సలిజొరమే. దగ్గరికి రాగాకు, నీకూ అంటుకుంటాది," అన్నాడు అన్న.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అన్న ఆ రోజు చాలా హుషారుగా ఉన్నాడు. నా మెడల్స్ వంకరగా ఉన్నాయని తనే సరిచేశాడు.

మా చేను మైలవరం దారిలో ఉంది. నల్లరేగడి. శనగ కోసేసి ఉంది. అన్న నన్ను గట్టు మీద నిలబెట్టి, ఇప్పుడే వస్తానని వెనక వైపు వెళ్ళాడు. అక్కడ తెల్ల తలగుడ్డ కట్టుకున్న ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు. మా చేనికీ ఆయన చేనికీ మధ్య గట్టు ఒక్కటే. మా చేలోంచి బండి దారి ఒకటి ఆయన చేలోకి పోతుంది. నాయన కాలం నుంచీ ఉంది అది.

వాళ్ళిద్దరూ నాకు యాభై అరవై అడుగుల దూరంలో ఉన్నారు. గాలి అటు వైపు వీస్తోంది. ఒక్క మాట వినపడలేదు. అన్న ఏదో చెబుతున్నాడు, పెద్దాయన నేల చూస్తున్నాడు. కాసేపటికి అన్న తిరిగి నన్ను చూపించాడు. పెద్దాయన కళ్ళకు చేయి అడ్డం పెట్టుకుని నా వైపు చూశాడు. అన్న నా వైపు చేయెత్తి ఊపాడు.

నేను చిన్నగా తలూపాను.

పెద్దాయన రెండు చేతులూ తల మీదికి ఎత్తి దండం పెట్టాడు.

"ఎవరన్నా ఆయన?" అని అడిగాను అన్న తిరిగి వచ్చాక.

"యెనక చేను ఆయప్పలే. నిన్ను సూసి శానా సంతోషపడినాడు," అని ఫోన్ తీశాడు. "నిటారుగా నిలబడు. నాయన సూస్తాండాడు అనుకో."

ఆ ఫోటో అన్న వాళ్ళ హాల్లో ఉంది. ఎండకు కళ్ళు చికిలించుకుని ఉంటాను. మూడో గుండీ కింద మచ్చ కూడా కనిపిస్తుంది. యూనిట్‌కు తిరిగి వెళ్ళాక తనిఖీలో ఆఫీసరు ఆ మచ్చ ఏమిటని అడిగాడు. ఇంట్లో పడింది సార్ అన్నాను. ఆయన నవ్వి వదిలేశాడు.

రిటైరయ్యాక పులివెందులలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేరాను. పని పాతదే. కట్లు కట్టే గదిలో కూర్చుంటాను, మధ్యాహ్నం ఖాళీ దొరికితే పుస్తకం చదువుకుంటాను. రెండేళ్ళకు అన్న పోయాడు. పొద్దున ఛాతీలో నొప్పి అని కూర్చున్నవాడు మళ్ళీ లేవలేదు. నేను వెళ్ళేసరికి వాకిట్లో పడుకోబెట్టి ఉన్నారు.

"నిన్ను ఆ కోటులో సూస్తే ఆయప్పకు శానా ఇష్టం అబ్బీ," అంది వదిన.

రిటైరైనవాడు సొంతింటి చావుకు ఆ కోటు వేసుకోవడం పద్ధతి కాదని నా అభిప్రాయం. అప్పుడూ అదే అభిప్రాయం. అయినా మనిషిని పంపి పులివెందుల నుంచి తెప్పించుకుని వేసుకున్నాను. పాడె లేపే ముందు అన్నకు సెల్యూట్ చేశాను. చుట్టూ జనం ఉన్నారు. నా జీవితంలో జనం ముందు ఇబ్బంది లేకుండా చేసిన సెల్యూట్ అదొక్కటే. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఆ రోజు నాకు బాగా తెలుసు.

ఆ తర్వాత నాలుగు నెలలు ఇసుకలో పరుగు గురించే ఆలోచించాను.

నాలుగు నెలల తర్వాత ఒక పెద్దాయన షుగర్ పుండుతో వచ్చాడు. కుడి కాలు, బొటనవేలి పక్కన. వాళ్ళ కూతురు కూర్చోబెట్టి మందుల చీటీ తీసుకుని బయటికి పోయింది. నేను వంగి పుండు కడుగుతున్నాను. ఆయన నా ముఖం వైపే చూస్తున్నాడు.

"నువ్వు ఆ ప్రొద్దుటూరాయప్ప తమ్మునివి గదా? మైలవరం కాడ చేనుండాదే, ఆయప్ప."

"అవును పెద్దాయనా. మీరెవరు?"

"నాది యెనక చేను. మిలిటరీ కోటేసుకోని గట్టు మీద నిలబడింటివి నువ్వు. గుండీలు యాడికో మెరుస్తాండె." నా చేతుల్లోని దూది చూసి నవ్వాడు. "నేను పెద్ద ఆఫీసరువనుకుంటి. పుండ్లు కడిగేటోనివా?"

"అప్పుడూ ఇదే పని పెద్దాయనా."

"ఈ సంగతి ఆ పొద్దే తెలిసింటే నేను యేలిముద్ర ఎయ్యనే ఎయ్యను గదప్పా."

ఏం వేలిముద్ర అని అడిగాను. నేను దాస్తున్నానేమో అన్నట్టు చూశాడు. తర్వాత చెప్పాడు. కోపంగా చెప్పలేదు. కాలు కదిలించకుండా, చాలాసార్లు చెప్పుకున్న విషయంలా చెప్పాడు.

ఆయన చిన్న కొడుకు మిలిటరీలో చేరాలని అప్పటికి మూడుసార్లు పోయి తిరిగొచ్చాడు. మా అన్నకు మా చేలోంచి పోయే ఆ బండి దారి మూసేయాలని ఎప్పటి నుంచో ఉంది. పెద్దాయన ఒప్పుకోలేదు. కేసు వేస్తానన్నాడు. ఆ రోజు అన్న ఆయనతో అన్న మాటలివి: "అద్దో, మా తమ్ముడు. మిలిటరీలో ఆఫీసరు. ఆయప్ప ఒక మాట చెప్తే నీ కొడుకును తీసుకుంటారు. నువ్వు దావ వదిలెయ్. నమ్మకం ల్యాకుంటే ఈడి నుంచే అడుగుతా సూడు."

"అని చెయ్యెత్తినాడు," అన్నాడు పెద్దాయన. "నువ్వు తలూపినావు. ఇంగేం గావాల నాకు? మర్సనాడే దావ వదిలినట్టు కాయితం మీద యేలిముద్ర ఏసిస్తి."

"నాకేమీ తెలియదు పెద్దాయనా. మీరేం మాట్లాడుకున్నారో నాకు వినపడలేదు."

"ఇనపడకుండా ఎట్ట తలూపుతావప్పా?"

మా హవల్దార్ చెప్పిన ఉపాయం ఆయనకు ఎలా చెప్పను? జనం చూస్తే ఏం చేయాలో తెలియక తలూపడం మా అలవాటని చెబితే ఎవరు నమ్ముతారు? సైన్యంలో నా మాట మీద ఎవరినీ తీసుకోరని, ఎవరి మాట మీదా తీసుకోరని చెప్పాను. ఆయన విన్నాడు. అది ఆయనకు ఇప్పుడు పనికొచ్చే సంగతి కాదు.

కొడుకు నాలుగోసారి కూడా పోయి వచ్చాడట. తర్వాత వయసు దాటిపోయింది. ఇప్పుడు కువైట్‌లో బండి తోలుతున్నాడు. "నీకు ఫోను చేద్దామంటే నంబరు ల్యా. మీ అన్ననడిగితే, వాడు బోర్డర్లో ఉండాడు, ఫోను తగల్దు అనె." నేను ఆ ఏడాదంతా సికింద్రాబాదులో ఉన్నాను. అన్న వారానికోసారి నాతో మాట్లాడేవాడు.

దారి పోయాక పెద్దాయన రెండు పంటలు గట్ల మీదుగా నెత్తిన మోయించి, మోయించలేక చేను అమ్మేశాడు. కొన్నది మా అన్నే. దారి లేని చేనికి వేరే ఎవరొస్తారు? అప్పటి నుంచి పులివెందులలో కూతురి ఇంట్లో ఉంటున్నాడు.

కట్టు పూర్తయింది. కాలు దించి నేల మీద ఆనించి చూసుకున్నాడు.

"బాగా కట్నావు," అన్నాడు. "ఇది నిజంగా నీకొచ్చిన పనే."

ఆ ఆదివారం ప్రొద్దుటూరు వెళ్ళాను. వదిన వంటింట్లో చిక్కుళ్ళు తుంచుతోంది. ఎదురుగా కూర్చుని పెద్దాయన చెప్పిందంతా చెప్పాను. అబద్ధమంటుందని ఎదురుచూశాను. ఆమె తుంచడం ఆపలేదు.

"ఆ కత మీ అన్న శానా సార్లు చెప్పుకోని నవ్వేటోడు. ఒక్క మాటన్నా అనకుండా మా తమ్ముడు పని సక్కబెట్టినాడు అనేటోడు."

"నాకు తెలియదు వదినా."

అప్పుడు తలెత్తింది. "నీకెరికే అనుకుంటిమి గదా అందరం."

అందరం అంటే ఎవరో అడగలేదు. ఇంట్లోవాళ్ళు, చుట్టాలు, అన్న స్నేహితులు, బహుశా ఆ టీ కొట్టు దగ్గర నవ్వినవాళ్ళు. ఇన్నేళ్ళూ నన్ను చూసి వాళ్ళు పెట్టిన నమస్కారాల్లో ఏముందో నాకు ఇప్పుడు తెలియదు. ఒకటి మాత్రం అడిగాను.

"ఆ పొద్దున గుండీలు తోమినావే. అప్పటికే నీకు తెలుసా?"

ఆమె ఒళ్ళోని చిక్కుడు నారలు దులుపుకుంది.

"తెలుసబ్బీ. దూరానికి మెరవాల, బాగా తోము అనె."

హాల్లో ఆ ఫోటో కింద అన్న ఫోటో పెట్టి దండ వేశారు. నేను రెండూ చూసి వచ్చేశాను. తిరిగి వచ్చేటప్పుడు చుట్టు తిరిగి మైలవరం వెళ్ళి చేను చూశాను. రెండు చేలూ ఇప్పుడు ఒకటే చెక్క, మధ్యలో గట్టు లేదు. మా అన్న కొడుకు బోరు వేయించాడు. బండి దారి ఎక్కడుండేదో వెతికితే చక్రాల గాడి కూడా కనపడలేదు. తిరిగి ఇవ్వడానికి అక్కడ దారీ లేదు, ఇస్తే నడవడానికి వెనక ఆయన చేనూ లేదు.

నాకు అర్థం కానిది ఒకటుంది. ఇసుకలో నాతో పాటు పరిగెత్తినప్పుడు అన్న మనసులో ఈ లెక్క లేదు. అది నాకు తెలుసు. నాయన చేలో నిలబడమన్నప్పుడు ఉంది. ఈ రెంటి మధ్య ఎప్పుడు మారాడో అడగడానికి మనిషి లేడు. నేను సెల్యూట్ చేసింది ఈ ఇద్దరు అన్నల్లో ఎవరికో కూడా నాకు తెలియదు. ఇప్పటికీ అన్న గుర్తొస్తే ఏడుపు వస్తుంది. సగంలో ఆగిపోతుంది.

పెద్దాయన పుండు మానేవరకు వారానికి రెండుసార్లు వచ్చాడు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఇప్పుడు అప్పుడప్పుడు బజారులో అవతలి పక్కన నిలబడి కనిపిస్తాడు, నా వైపు చూస్తాడు. నేను రోడ్డు దాటి వెళ్ళి కాలు ఎలా ఉందని అడుగుతాను. దాటి వెళ్ళడం కుదరకపోతే ఊరికే నిలబడతాను. కోటు బీరువాలో ఉంది, దాని గుండీలు నల్లబడ్డాయి. దూరం నుంచి ఎవరు చూసినా నేను తలూపడం లేదు.