జగదాంబ ఇచ్చేసిన ఏడుపులు

జగదాంబకి అభిప్రాయం లేని విషయం ఈ లోకంలో లేదు. మద్యనిషేధం పెట్టినప్పుడు మంచి పని చేశారంది, ఎత్తేసినప్పుడు నాకు ముందే తెలుసులే అంది. పేజరు పెట్టుకు తిరిగే ప్రొడక్షన్ మేనేజర్లని చూస్తే ఆవిడకి ఒళ్లు మంట. "నడుముకి కట్టుకున్నది కుయ్యిమంటే చాలు, ఫోను కోసం వీధిలో పడి పరిగెత్తడమేనా? అదేం ఉద్యోగమమ్మా?" అనేది. ఫిల్మ్ నగర్‌లో డబ్బింగ్ థియేటర్ వరండా మీద పిలుపు కోసం కూర్చున్న ఆడవాళ్లకి అదే కాలక్షేపం. కరెంటు కోతతో మొదలైన కబురు ఎటు తిరిగినా చివరికి కంప్యూటర్ దగ్గరికి వచ్చి ఆగేది. ఆగక ఏం చేస్తుంది, తొంభై ఏడులో ఎవరి నోట విన్నా ఆ మాటే కదా.

ఆవిడ పని ఏడవడం. వేళాకోళం కాదు, నిజంగా అదే పని. తెర మీద ఎవరో పోతారు, హీరోయిన్ శవం మీద పడుతుంది. బొంబాయి నుంచి వచ్చిన ఆ పిల్లకి తెలుగులో ఏడవడం చేతకాదు. మాటలు చెప్పే డబ్బింగ్ అమ్మాయి ఉన్నా, గట్టిగా ఏడిస్తే గొంతు పోతుందని ఆమెకి భయం. అప్పుడు జగదాంబకి కబురొస్తుంది. తెనాలి నాటకాల్లో మొదలుపెట్టి, మద్రాసులో పని నేర్చుకుని, ఇండస్ట్రీ వెనకాలే హైదరాబాదు వచ్చి మోతీనగర్‌లో ఒక వాటా అద్దెకు తీసుకుంది. మొగుడు ఎప్పుడో పోయాడు, పిల్లల్లేరు. ఆ గొంతు తప్ప ఆవిడకి ఇంకో ఆధారం లేదు.

ఏడుపుతో బోణీ చెయ్యకూడదని ఆవిడకో పట్టింపు. మైకు ముందుకి రాగానే హాయిగా ఒక నవ్వు నవ్వేది. అది రికార్డు చేశాకే ఎవరి చావైనా. నవ్వకుండా ఏడిస్తే ఆ ఏడుపు ఇంటిదాకా వెంట వస్తుందనేది. అందరూ చాటుగా నవ్వుకున్నారు గానీ ఎవరూ కాదనలేదు. ముహూర్తం చూడకుండా తుమ్మడానికైనా జంకే సినిమావాళ్లు ఆవిడనేమంటారు?

ఆ వేసవిలో థియేటర్‌కి కంప్యూటర్ వచ్చింది. సౌండ్ ఇంజనీరు కాశీవిశ్వనాథం మంచివాడే. మర్యాదస్తుడు, జగదాంబని నోరారా అక్కా అని పిలుస్తాడు.

"అక్కా, నాకోసం ఒక్క పూట రండి. మీ ఏడుపులన్నీ ఇందులో పెట్టుకుంటాను. మీకు ఒంట్లో బాగోలేని రోజున పనికొస్తాయి" అన్నాడు.

"పెట్టుకోవయ్యా, పెట్టుకుని ఏం చేసుకుంటావ్? ఏ చావుకి ఏ ఏడుపో దానికి తెలుస్తుందా?" అంది జగదాంబ. ఆ ధీమాతోనే వెళ్లింది. అలవాటు ప్రకారం నవ్వబోతే, "నవ్వెందుకక్కా, ఇదేమన్నా సినిమానా?" అన్నాడు. అదీ నిజమేననుకుని ఊరుకుంది. తల్లి పోయినప్పటి ఏడుపు, మొగుడు పోయినప్పటిది, బిడ్డ పోయినప్పటిది, పైకి వినపడకుండా కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేది, అతను అడిగిన కొద్దీ ఇచ్చింది. తన పనితనం చూపించుకోవాలని, పాపం, అడగనివి కూడా ఇచ్చింది.

ఇంటికొచ్చి ఆ గొప్పంతా చెబితే, ఇల్లుగలావిడ శకుంతలమ్మ చేతిలో ఉన్న చేట పక్కన పెట్టేసింది.

"గట్లెట్ల ఇచ్చినవమ్మా? గాళ్ల తాన ఉన్నంక నిన్నెందుకు పిలుస్తరు?"

"మీకు సినిమా సంగతులు తెలియవు లెండి."

"నాకు సినిమా ఎర్క లేదు. మా ఇంటాయన మిల్లుల చేసిండు, గది ఎర్క. కొత్త మిషన్ రాంగనే పని జర చూపియ్యమన్నరు. మంచిగ చూపిచ్చిండు. చూపిచ్చినంక ఇంటికి తోలిండ్రు."

జగదాంబకి కోపమొచ్చింది. విసురుగా తన వాటాలోకి వెళ్లి తలుపేసుకుంది.

తర్వాత పిలుపులు తగ్గాయి. వర్షాకాలం వచ్చేసరికి బొత్తిగా లేవు. శకుంతలమ్మ గదిలో ఫోను మోగితే చాలు, జగదాంబ గుమ్మంలోకి వచ్చి నిలబడేది. ఆవిడ కళ్లతోనే కాదని చెప్పేది. వరండా మీద ఆడవాళ్లు కూడా ఒక్కొక్కరే రావడం మానేశారు.

ఒకరోజు ఎర్రగడ్డలో మ్యాట్నీకి వెళ్లింది. తెర మీద పెళ్లికూతురు అప్పగింతల్లో ఏడుస్తోంది. ఆ గొంతు వినగానే జగదాంబ పోల్చుకుంది. తను ఇచ్చిన, బిడ్డ పోయినప్పటి ఏడుపు అది. పచ్చటి పందిట్లో, పసుపు బట్టల పిల్ల నోట్లోంచి వస్తోంది. చుట్టుపక్కల ఆడవాళ్లు కళ్లు తుడుచుకుంటున్నారు. ఆ పిల్లకి ఏదో కీడు జరగబోతోందని తనొక్కదానికే తెలిసినట్టు భయమేసి, సగంలో లేచి వచ్చేసింది. వారం తిరక్కుండా అదే ఏడుపు శకుంతలమ్మ టీవీలో, సీరియల్‌లో ముసలావిడ నోట వినపడింది. శకుంతలమ్మ సౌండు తగ్గించింది.

ఇక ఆగలేక మర్నాడు థియేటర్‌కి వెళ్లింది. లోపల నిర్మాత సుబ్బరామయ్య కూర్చుని ఉన్నాడు. కాశీవిశ్వనాథం ఒక మీట నొక్కితే స్పీకర్‌లోంచి జగదాంబ ఏడుపు వచ్చింది. "ఇంకాస్త చిన్న వయసు కావాలండీ" అన్నాడు నిర్మాత. ఇంజనీరు ఇంకేదో తిప్పాడు. పదహారేళ్ల పిల్ల ఏడ్చింది.

"నేనే వచ్చాను కదయ్యా, డబ్బింగ్ నేను చెప్తాను" అంది జగదాంబ తలుపు దగ్గర నుంచి. ఆ మాట అడుక్కుంటున్నట్టు వచ్చిందని ఆవిడకీ తెలిసింది.

కాశీవిశ్వనాథం మొహమాటపడ్డాడు. "ఏడుపుల్లో చాలా సీనియరండీ" అని పరిచయం చేశాడు. సరే చూద్దామన్నాడు నిర్మాత.

జగదాంబ అద్దానికి అవతల మైకు ముందుకి వెళ్లింది. నవ్వడానికి ప్రయత్నించింది, రాలేదు. తెర మీద హీరోయిన్ నోరు తెరిచింది, జగదాంబ కూడా తెరిచింది. ఇన్నేళ్లుగా నేర్చుకున్నదేదీ బయటికి రాలేదు. ఈ గొంతు పోతే నేనెలా బతకాలన్న దిగులు ఒక్కసారిగా పొంగుకొచ్చింది. ఊపిరి అందక, మాట పెగలక, ఎగపోస్తూ ఏడ్చింది. పుట్టి బుద్ధెరిగాక ఆవిడ తనకోసం ఏడవడం అదే మొదలు.

"ఈవిడది సహజంగా లేదండీ. ఇందాకటిదే పెట్టెయ్యండి" అన్నాడు సుబ్బరామయ్య. స్పీకర్ తెరిచే ఉంది, అంతా వినపడింది.

తెర ఆరిపోయింది. జగదాంబ ఏడుపు ఆపుకోబోయింది, ఆగలేదు. మైకు స్టాండు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. అద్దంలోంచి నిర్మాత లేచి వెళ్లిపోవడం కనిపించింది. అప్పుడు స్పీకర్‌లో కాశీవిశ్వనాథం గొంతు మెత్తగా పలికింది.

"ఏమీ అనుకోకండక్కా. ఏడవండి, ఆపకండి. ఇది నా దగ్గర లేదు. రికార్డవుతోంది."