గీత దాటని చందానగర్ క్యాబు

నాకు అనుమానం ఎక్కువ. హోటల్లో ఇడ్లీ మెత్తగా ఉన్నా సోడా కలిపారేమో అనుకునే రకాన్ని. అలాంటివాడికి మాదాపూర్‌లోని మా ఆఫీసులో ఉద్యోగుల క్యాబుల బాధ్యత అప్పగించారు. ఏ క్యాబు ఎన్నింటికి గేటు దగ్గరికి వచ్చిందో సెక్యూరిటీ రిజిస్టరులో చూసి రోజుకో చుక్క పెట్టి కంట్రోల్ చార్టు గీసేవాణ్ణి. నడుమ సగటు గీత, దాదాపు ఎనిమిదీ యాభై. పైనా కిందా రెండు హద్దు గీతలు. హద్దుల లోపల చుక్కలు ఊగడం మామూలేననీ, దాటితేనే కారణం వెతకాలనీ శిక్షణలో చెప్పారు. నేను వింటేగా! చుక్క కాస్త కదిలినా డ్రైవరుకు ఫోన్ చేసి సంజాయిషీ అడిగేవాణ్ణి.

కొన్నాళ్లకు చందానగర్ క్యాబు చుక్కలు సగటు గీతను పట్టుకుని వదల్లేదు. వాన పడ్డ రోజూ అంతే, రోడ్డు తవ్విన రోజూ అంతే. ఆ రోడ్డు మీద ఇంత బుద్ధిమంతపు చుక్కలా? ఎవరి చెవిలో పూలు పెడుతున్నాడు ఈ డ్రైవరు? గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన్ని మంచి చేసుకుని దొంగ టైము రాయిస్తున్నాడని తేల్చేశాను. ఆ డ్రైవరును తీసేయమని ట్రావెల్స్ వాళ్లకు మెయిల్ కూడా రాసిపెట్టుకున్నాను. పంపేముందు ఒక్కసారి కళ్లారా చూసి పట్టుకోవాలనిపించింది. నా దగ్గరా ఈయన పప్పులుడికేది?

మర్నాడు ఎనిమిదింటికే వెళ్లి రోడ్డు పక్క టీ బండి దగ్గర కాపు కాశాను. ఎనిమిదీ ఇరవైకే క్యాబు వచ్చింది. గేటు దాకా రాకుండా ఫ్లైఓవర్ కింద ఆగింది. వెనక సీట్లో మా ఆఫీసు అమ్మాయి నిద్రపోతోంది. నలభై దాటిన డ్రైవరు ఫోన్‌లో టైము చూసుకుంటున్నాడు. వెళ్లి అద్దం మీద కొట్టాను.

"ఇక్కడ ఆపారేంటండీ?"

"టైం కాలే సార్. ఇంక అరగంట ఉంది."

"ముందొస్తే లోపలికి రావచ్చుగా?"

"లేటొస్తె ఫోన్ జేసిండ్రు సార్. ముందొస్తె గూడ, గింత జల్ది ఎట్లొచ్చినవ్, స్పీడు కొట్టినవా అని ఫోన్ జేసిండ్రు. ఇగ ఈ పరేషాన్ ఎందుకని ముందే వచ్చి ఈడ కూసుంటున్న. ఈ డ్యూటీ పోతె నాకు వేరే దిక్కు లేదు."

"మరి ఈ అమ్మాయి?"

"మేడం గూడ నా కోసం అరగంట ముందే లేస్తున్నది సార్."

సిగ్గుతో నా మొహం మాడిపోయింది. రిజిస్టరులో ఒక్క అంకె అబద్ధం లేదు. చుక్కల్ని గీతకు కట్టేసింది నా ఫోన్లే.

"ఇక మీద ఫోన్ చేయనండి. దారిలో ఎంతసేపు పడితే అంతసేపు పట్టనివ్వండి," అన్నాను.

"మంచిది సార్," అన్నాడు, నా మొహం వంక చూడకుండా.

పైకి వెళ్లి మెయిల్ తీసేశాను. మర్నాడు చుక్క గీత మీదే ఉంది. వారం గడిచినా గీత మీదే. ఈ పొద్దున కూడా కిటికీలోంచి చూస్తే ఫ్లైఓవర్ కింద ఆ క్యాబు ఆగి ఉంది. ఆయన నన్ను నమ్మలేదు. ఆయన చోట ఉంటే నేనూ నమ్మను.