ఆగు, నేనొస్త!

సూర్యాపేటలో మేం కిరాయికున్న ఇంటి ఓనరు ఆండాళమ్మ ఆంటీకి ఒక్కటే జబ్బు. ఎవరు ఎక్కడికి బయల్దేరినా చెప్పులేసుకుని వెంట వచ్చేస్తుంది. ఊరేదో, పనేమిటో ఆమెకు అనవసరం.

"ఏడికి పోతున్నవ్ కృపా?"

"కొత్తిమీరకు ఆంటీ."

"ఆగు, నేనొస్త!"

ఒక్క కొత్తిమీర కట్టకు ఇద్దరం. దాన్ని మోయడానికి ఆమె మళ్లీ సంచి కూడా తెచ్చుకుంటుంది.

మా ఆయన సంపత్ కారు లైసెన్సు పరీక్షకు పోతే వెనక సీట్లో ఆంటీ. ఇన్‌స్పెక్టరు అదిరిపడ్డాడు. "మీరెవరమ్మా?" "నేనా సార్? ఊకెనే వచ్చిన. మీరు కానియ్యుర్రి." సంపత్ రివర్సు గేరు వేశాడో లేదో, "ఎన్కకు గోడున్నది, పైలం!" అని ఒక్క కేక. పరీక్ష పాసయ్యాడు. ఆ ఘనత ఎవరిదో మా ఇంట్లో ఇప్పటికీ తేలలేదు.

ఆడవాళ్లకు బస్సు ఫ్రీ అయ్యాక ఇక పట్టపగ్గాల్లేవు. ఒకసారి మోతె పోయే బస్సులో ముందు సీట్లోని నర్సయ్యగారి కుటుంబం కొడుక్కు సంబంధం చూడటానికి దిగితే, వాళ్లతో పాటు దిగిపోయింది. పిల్లవాడి వాళ్లు ఈమెను పిల్ల మేనత్త అనుకున్నారు. పిల్ల వాళ్లేమో పిల్లవాడి మేనత్త అనుకున్నారు. రెండు వైపులా మర్యాదలందుకుని, జీతమెంత, తాగుతవా అని పిల్లవాణ్ని నిలదీసి, సంబంధం ఖాయం చేయించి సాయంత్రానికి ఇల్లు చేరింది. పెళ్లిలో పెట్టిన పదహారు వంటలూ ఇప్పటికీ వరసగా చెప్తుంది.

"మన గల్లీకి యముడొచ్చినా, ఎవలకోసమొచ్చిండని అడగది. ముందుగాల చెప్పులేసుకుంటది" అంటాడు ఆమె భర్త జగదీశ్ అంకుల్.

మొన్న జులైలో నాకు రొమ్ములో గడ్డ తగిలింది. సూర్యాపేటలో చూపించుకుంటే సాయంత్రానికి గల్లీ అంతా తెలుస్తుంది. సంపత్‌కు చెప్తే అన్నం మానేస్తాడు. అందుకని బడికి సెలవు పెట్టి, ఎవరికీ చెప్పకుండా కోదాడలో ఒక దవాఖానకు వెళ్లాను. సూదితో గడ్డలోంచి కొంచెం తీసి పరీక్షకు పంపారు. వారం తర్వాత రమ్మన్నారు. ఆ వారం నాకు నిద్ర లేదు.

రిపోర్టు రోజు పిల్లిలా గేటు తీశాను.

"ఏడికి కృపా?"

"కోదాడకు ఆంటీ. టీచర్లకు ట్రైనింగు."

"ఆగు, నేనొస్త!"

"మిమ్మల్ని లోపలికి రానియ్యరు!"

"బయట కూసుంట."

చచ్చాన్రా దేవుడా అనుకున్నాను. బస్సులో ఎప్పుడూ నోరు మూయని మనిషి ఆ రోజు ఒక్క మాట మాట్లాడలేదు. కోదాడలో దిగగానే "మీరు బట్టల షాపులు చూస్తుండండి" అని చెప్పి, పరుగున ఆటో ఎక్కి దవాఖానకు చేరాను.

"తోడు ఎవరొచ్చారమ్మా?" అంది కౌంటర్లో సిస్టరు.

"ఎవరూ రాలేదండి."

"నేనొచ్చిన" అని వెనక నుంచి వినిపించింది.

నేను తిరిగి చూసేలోపే సిస్టరు లేచి నిలబడింది. "మీరా ఆండాళమ్మగారూ! ఈమె కూడా మీ మనిషేనా? ముందే చెప్పొద్దూ!" రెండు జిల్లాలు వెతికి నేను ఎంచుకున్న రహస్య స్థలంలో ఆయమ్మ నుంచి వాచ్‌మెన్ దాకా ఆంటీకి నమస్తే పెడుతున్నారు.

"మీకెలా తెలిసింది ఆంటీ?"

"నీ బ్యాగుల నుంచి దవాఖాన కవరు సగం బయటికే ఉన్నది. ట్రైనింగుకు దవాఖాన కవరెందుకు బిడ్డా?"

"ఇక్కడికి ఎవరెవర్ని తీసుకొచ్చారు?"

"ఏమో. నాకు యాదికి లేదు."

పదహారు వంటలు గుర్తున్న మనిషి అనే మాటేనా అది! గల్లీలో ఒక్కరి సంగతీ ఆమె నోటి నుంచి నేనెన్నడూ వినలేదని అప్పుడు తట్టింది. నా చెయ్యి తన ఒళ్లో పెట్టుకుని, "గీడ ఒక్కదానివే కూసుంటే గడియారం నడువది బిడ్డా" అంది.

లోపల డాక్టరమ్మ రిపోర్టు చూసి, "మామూలు కొవ్వు గడ్డేనమ్మా, భయం లేదు" అంది. నేను ఏడుస్తూ కూర్చున్నాను.

"డాక్టరమ్మా, జర ఇంకోపాలి చెప్పు. ఈ పిల్లకు వినబడలే" అంది ఆంటీ. డాక్టరమ్మ మళ్లీ చెప్పింది. "ఇంకోపాలి" అంది. మూడోసారికి నాకు నవ్వొచ్చింది. ఆ క్షణంలో నన్ను కన్న తల్లి పక్కనున్నా అంతకంటే ధైర్యం ఇచ్చేది కాదు. ఆ మాట ఆమెతో అంటే "సాలుతియ్, బస్సు పోతది" అని కసిరింది.

ఇంటి దగ్గర దిగేసరికి ఎదురింటి ముత్తమ్మ అరుగు మీద సిద్ధంగా ఉంది. "పొద్దుగాలనంగ పోయిన్రు, ఏడికి?"

నా గుండె ఆగింది. ఆంటీ మాత్రం ఆగలేదు.

"చీరలకు పోయినం ముత్తమ్మా! ఈ పిల్లతోని ఇగ జన్మల పోవద్దు. నాలుగు షాపులు తిప్పింది, నూరు చీరలు మడత ఇప్పించింది, ఒక్కటి కొన్నదా? షాపాయన దండం పెట్టి బయటికి పంపిండు!"

ఆ రోజు నుంచి గల్లీలో నా అంత సతాయించే మనిషి లేదని పేరు పడింది. చీరలు కొనడానికి నన్ను ఎవరూ పిలవడం లేదు. మొన్న ముత్తమ్మ "గట్ల సతాయించొచ్చునా కృపమ్మా?" అని బుద్ధి చెప్తుంటే, తప్పయిందని చెంపలేసుకున్నాను.