రాలేదని రాయమన్న సావిత్రి మేడమ్

పలాసలో రైలు దిగగానే జీడిపిక్కలు కాలుస్తున్న ఘాటు ముక్కుకు తగిలింది. ఆ వాసనకు నాకు ఇంటికన్నా ముందు సావిత్రి మేడమ్ గుర్తొస్తారు. కంచిలి మనిషి, టెక్కలి డిగ్రీ కాలేజీలో మాకు కెమిస్ట్రీ చెప్పేవారు. మొదటిరోజు ల్యాబ్‌లో నేను చేతులు చున్నీలో దాచుకుని నిలబడ్డాను. సెలవుల్లో అమ్మతో పాటు పిక్కలు కొట్టడానికి వెళ్తే, పెంకులోని జీడి రసం అంటి వేళ్లు నల్లగా పొక్కిపోయాయి. మేడమ్ నా చెయ్యి బయటికి లాగారు.

"సిగ్గెందుకే? ఆ జీడిలో ఉన్నది ఫినాల్ అనే రసాయనమే. ఈళ్లు పుస్తకంలో సదివింది నువ్వు సేత్తో సూసేవు."

ఫ్లోరిన్ గురించి చెప్పిన రోజు ఆవిడ గొంతే మారిపోయింది. ఒక్క ఫ్లోరిన్ పరమాణువు చేరితే కొన్ని మందులు ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తాయట. కానీ దాన్ని కార్బన్‌కు తగిలించడమే కష్టం. ఫ్లోరిన్ వాయువును నేరుగా కలిపితే మంటలే. అదే ఫ్లోరైడ్ ఉప్పు తీసుకుని, చిటికెడు రాగి ఉత్ప్రేరకం వేస్తే, అది రెండింటినీ కలిపి తాను బయటికి వచ్చేస్తుంది. "ఇక్కడ కుళాయిలో నీళ్లే రావు, మనకెందుకు మేడమ్?" అన్నాడొకడు.

"ఆ మందులు మనకి కాక మరెవలకిరా?" అన్నారు.

ఆ మాట పట్టుకునే పరిశోధనలోకి వెళ్లాను. రెండో ఏడు నా ఫ్లోరిన్ ప్రయోగం ఒక్కసారి అద్భుతంగా వచ్చింది, తర్వాత పదకొండుసార్లు రాలేదు. వచ్చినదొక్కటే పేపర్లో వేద్దామన్నాడు మా గైడ్. కుదరదన్నాను. అయితే నీ పేరు ఉండదన్నాడు.

అప్పటికి మేడమ్‌కు కిడ్నీలు పాడై, పలాసలో వారానికి మూడుసార్లు డయాలసిస్. ఆ మంచం పక్కన కూర్చుని ఏడ్చాను.

"ఏటయిందని ఏడుత్తన్నావు? రాలేదు కదా, రాలేదని రాయి."

"పేరు తీసేస్తారు మేడమ్."

"తియ్యనీ. మళ్లీ ఎక్కించుకో. ముందు ఆ నోట్‌బుక్ సదువు."

పక్కన యంత్రం తిరుగుతుండగా పేజీ పేజీ చదివించుకున్నారు. ఆ ఒక్కసారి కుదిరిన ప్రయోగం దగ్గర ఆపారు. "దీనికి ముందు ఆదివారం ఏటి సేసేవు?"

"ల్యాబ్ మూసేశారు. ఫ్లోరైడ్ ఉప్పు ఓవెన్‌లో రెండు రోజులు ఉండిపోయింది."

"మిగతాసార్లు ఒక్క రాత్రేనా? అదే మరి! తడుంటే ఫ్లోరైడ్ ఆ నీళ్లనే పట్టుకుని కూసుంటాది, కార్బన్ దగ్గరికి రాదు."

ఆ గైడ్‌ను వదిలి మరొకరి దగ్గర చేరాను. ఏడాది వృథా అయిందని అందరూ అన్నారు. ఉప్పును రెండు రోజులు ఆరబెట్టి చేస్తే వరసగా మూడుసార్లు వచ్చింది. ఫోన్ చేసి అరిచినంత పని చేశాను.

"నాలుగోసారి సెయ్యి," అన్నారు మేడమ్, నవ్వుతూ.

చేశాను. వచ్చింది. ఆ వానాకాలమే ఆవిడ పోయారు.

ఇప్పుడు మందుల కంపెనీలో పనిచేస్తున్నాను. నిన్న మా పై అధికారి ఒక్కసారే వచ్చిన ఫలితం మీద సంతకం పెట్టమన్నాడు. పెట్టలేదు. రేపు తిరిగి పనిలోకి వెళ్లగానే మళ్లీ అడుగుతాడు. రేపూ పెట్టను.