సున్నం తగలని చెలక

నా చిన్నప్పుడు చివ్వెంల చుట్టుపక్కల మా గడీ మాటకు ఎదురుండేది కాదు. మా ముత్తాతగారు అయిదూళ్ల శిస్తు వసూలు చేసిన దేశ్‌ముఖ్. ఆయన కొడుకు, మా తాతయ్య, పల్లకీ దిగకుండానే తగవులు తీర్చేవారు. ఈ సంగతి చెప్పుకోవడానికి నేనెప్పుడూ సంకోచించలేదు.

ఊళ్లోని గొర్రెల మందలన్నీ ఏటా మా ఎర్రచెలక మెట్టలోనే మకాం వేయాలని తాతయ్య హుకుం. ఊరి పెంట ఎరువంతా మాకే చేరేది. పందొమ్మిదివందల నలభైల చివర్లో వెట్టి ఆగిపోయింది. దున్నేవాళ్లు లేక మా వరి మడులు బీడుపడ్డాయి. సూర్యాపేట నుంచి కూలీలను పిలిపించి ఆ చెలకలో వేయించిన పల్లికాయ ఒక్కటే ఆ ఏడు మా ఇంటికి దిక్కు.

పైరు నల్లబడేంత పచ్చగా ఎదిగింది. తాతయ్య రోజూ గట్టుమీద నిలబడి మురిసేవారు. మా నాయనమ్మ పుట్టిల్లు మేళ్లచెరువు, సున్నపురాయి నేల. గడప దాటని ఆమె ఒక పొద్దున నన్ను వెంటబెట్టుకొని చేలోకి దిగింది. నాచేత మొక్క పీకించి, కాయ చిదమమంది. టప్పుమంది. లోపల గింజ లేదు. మరో మొక్క, ఇంకో మొక్క. అన్నీ లొట్టలే.

"ఆకు జూసి మురువకు బిడ్డా. పెంట మీద పెంట పోస్తే ఆకే బలుస్తది. గింజ కట్టాల్నంటె మన్నుల సున్నముండాలె" అంది.

బండ్లమీద సున్నపు పొడి తెప్పించి చల్లిస్తే ఎనకొచ్చి నేలలోకి దిగి కాయ కట్టే ఊడలకైనా గింజ పడుతుందని, మందలను ఇకనైనా పక్క చేలకు వదలమని తాతయ్యకు చెప్పింది.

"నా చేను బాగలేదని ఊరి ముందర నేనే చెప్పుకోవాల్నా?" అని ఆయన లేచి వెళ్లిపోయారు. సున్నపు బండ్లు రాలేదు.

పంట పీకిన నాడు కాయల కుప్ప గాలికి దొర్లింది. గొర్రెల కాపరులు గట్టుమీదికి వచ్చి నిలబడ్డారు. ఎవరూ తలపాగా తీయలేదు.

"ఆకు మస్తుగున్నది దొరా! మా గొర్లకు ఇడుస్తవా?" అన్నాడొకడు. మిగతావాళ్లు నవ్వారు. తాతయ్య చేతికర్ర ఊతంతో గడీ వైపు తిరిగారు. వాళ్లు కదలకుండా అక్కడే నిలబడ్డారు, చీకటి పడేదాకా.

ఇప్పటికీ ఏ చేను మరీ ముదురుపచ్చగా కనిపించినా నేను మెచ్చుకోను. ఆ మట్టికి ఏం పెట్టారో, ఏం పెట్టలేదో అడుగుతాను.

పల్లికాయ పోయిన ఆ ఎండాకాలమే నిడమనూరు వైపు మా మాగాణి, మూడు జతల ఎడ్లు మిర్యాలగూడ వర్తకుడికి అమ్ముడుపోయాయి.