లోర్కన్ లేని నెలలు

సెనన్ మినోగ్ ఒకచోట కుదురుగా కూర్చోగా కిల్‌బ్రానన్‌లో చూసినవాళ్లు లేరు. ఆదివారం చర్చిలో కూడా వెనక తలుపు పక్కన నిలబడి, బరువు ఈ కాలి మీంచి ఆ కాలి మీదికి మార్చుకుంటూ ప్రార్థన అయిందనిపించేవాడు. పాల లారీ నడపడం అతని పని. డెర్గ్ సరస్సు పైనున్న కొండ చుట్టూ పొలాలన్నీ తిరిగి, ఒక్కో పశువుల కొట్టం దగ్గర ఆగి, గొట్టం తగిలించి పాలు లారీలోకి తోడుకుని ఫ్యాక్టరీకి చేర్చాలి.

"ఆ ఉద్యోగమిచ్చినవాడెవడో కాస్త బుర్రున్నవాడు. మా ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి ఉంటే ఈపాటికి దానికి కాళ్లుండేవి కావు" అనేది అతని భార్య నోరీన్. ఆమె ఊళ్లో జుట్టు కత్తిరించే దుకాణం నడిపేది కాబట్టి ఆ మాట ఊరందరికీ తెలుసు.

ఆ కుదురులేనితనమే, కర్రతో కొట్టి చేత్తో పట్టే బంతాట హర్లింగ్‌లో, అతనికి కలిసొచ్చింది. ఇరవై దాటగానే క్లబ్బు జట్టులో ఆరో నంబరు జెర్సీ అతనికిచ్చారు. వెనక వరుసకు నడిమి స్తంభం లాంటి చోటు అది. అవతలివాళ్లు ఎత్తుగా కొట్టిన ప్రతి బంతీ అక్కడే దిగుతుంది, కర్రలన్నీ అక్కడే లేస్తాయి. సెనన్ పొడగరి కాదు, గొప్ప నేర్పరీ కాదు. కానీ ఎవడి చంక కిందినుంచైనా దూరి బంతిని ఉడుంపట్టు పట్టేవాడు. నాలుగేళ్లు ఆ చోటు అతనిదే.

తర్వాత లోర్కన్ డ్యూరాక్ ఎదిగొచ్చాడు. పోస్టాఫీసు వాళ్ల చిన్నవాడు. గుమ్మంలో వంగి నడవాల్సినంత పొడుగు, మాట తక్కువ. పదిమంది మధ్యలో చెయ్యి పైకి చాపితే బంతి తనంతట తానే వచ్చి అరచేతిలో వాలినట్టుండేది. జట్టును నడిపే ప్యాకీ స్లాటరీ ఒకటిరెండు మ్యాచ్‌లు తటపటాయించాడు. చివరికి సెననే వెళ్లి, "ఇంకా ఏం ఆలోచిస్తావు ప్యాకీ? వాడే నాకన్నా మెరుగు. కళ్లున్నవాడికి కనబడట్లేదూ?" అన్నాడు. అన్నమాటైతే నిజం. కానీ ఆ తర్వాతి ఆదివారం బయట బెంచీ మీద కూర్చోవలసివచ్చేసరికి, ఆ మాటన్న నోటిని తనే కుట్టేసుకోవాలనిపించింది.

రెండేళ్లకు లోర్కన్‌ను కౌంటీ జట్టుకు, అంటే జిల్లా మొత్తం తరఫున ఆడే జట్టుకు, పిలిచారు. నాలుగు రోడ్ల కూడలిలో మంట వేసి ఊరంతా సంబరం చేసుకుంది. అందరికన్నా పెద్దగా కేకలేసినవాడు సెనన్. కారణం ఉంది. కౌంటీకి ఆడేవాళ్లను చలికాలం చివరినుంచి కౌంటీవాళ్లు తమ దగ్గరే ఉంచేసుకుంటారు. ఆ నెలల్లో జరిగే క్లబ్బుల లీగ్ వాళ్లు లేకుండానే నడుస్తుంది. అంటే ఆ నెలలన్నీ ఆరో నంబరు మళ్లీ సెనన్‌ది. కౌంటీ ఓడి ఇంటికొచ్చిన రోజు లోర్కన్ తిరిగొస్తాడు. ఆపైన వేసవిలో అసలు పోటీ, చాంపియన్‌షిప్, మొదలవుతుంది. సెనన్ బెంచీకి పోతాడు.

అప్పట్నుంచి కౌంటీకి అతనంత వీరాభిమాని లేడు. ఏ ఊళ్లో మ్యాచ్ జరిగినా లారీ అప్పజెప్పి పరిగెత్తేవాడు. స్టాండులో గొంతు చించుకునేవాడు. కౌంటీ ఓడితే ఇంట్లో మనిషి పోయినట్టు తిండి మానేసేవాడు. "కన్నతల్లి మీద కూడా ఉండదమ్మా అంత ప్రేమ" అని ముసలివాళ్లు మెచ్చుకునేవాళ్లు.

నోరీన్ ఒక్కతే అడిగింది. "కౌంటీ గెలిస్తే నీకు ఇంకో రెండు వారాల ఆట. అంతేనా?"

"కుక్కకు నీళ్లు పెట్టావా?" అని సెనన్ పెరట్లోకి వెళ్లిపోయాడు.

తెలియనివాళ్లు అనుకుంటారు, మేటి ఆటగాళ్లు లేని లీగ్‌లో పస ఏముంటుందని. కొండ చుట్టుపక్కల ఎవర్నడిగినా చెబుతారు, పస అంతా అక్కడే ఉందని. బాలీహీరిన్ లాంటి పెద్ద క్లబ్బు ఐదుగురిని కౌంటీకి పంపి, మిగిలినవాళ్లతో కుంటుతూ వస్తుంది. రాథ్‌క్లూన్‌కు కౌంటీ ఆటగాడు ఒక్కడూ లేడు, అందుకని పోయేవాడూ లేడు. జట్టు జట్టంతా ఊళ్లోనే ఉంటుంది. వేసవిలో ఎవరూ లెక్కచెయ్యని రాథ్‌క్లూన్, ఆ వర్షాల్లో, ఆ బురదలో, పులిలా తిరుగుతుంది. ఒకడొచ్చి ఆటను భుజానేసుకుని గెలిపించడం ఉండదు. ఎవడి చేతిలో ఎవడు ఓడతాడో దేవుడికే తెలియాలి.

ఆ ఏడాది అది మరీ ముదిరింది. చివరి మ్యాచ్ మిగిలేసరికి సగం జట్లు సమానంగా ఉన్నాయి. కిల్‌బ్రానన్ ఆడవలసింది రాథ్‌క్లూన్‌తో. గెలిస్తే ఫైనల్. ఓడితే, మిగతా ఫలితాలను బట్టి, రెండో డివిజన్‌కు దిగిపోవచ్చు కూడా. సెనన్ ఆ వసంతమంతా బాగా ఆడాడు. ముప్పై దాటాక ఇంకెన్నిసార్లు ఇలా కుదురుతుందోనన్న తొందర ఒకటి లోపల తొలుస్తుంటే మరీ బాగా ఆడాడు.

ఆ వారం మధ్యలో మాసీ కొట్టం దగ్గర పాలు తోడుకుంటున్నాడు. మాసీ రాథ్‌క్లూన్ మనిషి. గేటు మీద మోచేతులు ఆన్చి ఎత్తిపొడవందే పాలు ఇచ్చేవాడు కాడు.

"ఆదివారం మీకు మంచి బలం దొరికిందే!"

"ఏం బలం?"

"నీకు తెలీదూ? మీ లోర్కన్‌ను కౌంటీవాళ్లు తీసేశారట. నిన్న ఫోన్ చేసి చెప్పేశారు, వేరే కుర్రాడెవడో దొరికాడంట. ఇంకేం, వాడు ఇంట్లోనే ఉంటాడు. నీకు మాత్రం కూర్చోడానికి మంచి చోటు దొరుకుద్దిలే."

సెనన్ లారీ వైపు తిరిగాడు. గొట్టం విప్పాడు, మూత బిగించాడు, లారీ ఎక్కాడు. పక్క పొలం దాటిపోయాక గాని తెలియలేదు, అక్కడ ఆగకుండానే వచ్చేశానని. వెనక్కి తిప్పాడు. లోర్కన్‌ను తలుచుకుంటే జాలేసింది. ఆ జాలి కిందే ఇంకోటి కుతకుతలాడుతోంది. కౌంటీవాళ్లు ఇంకో నెల ఆగి వాణ్ని తీసేసి ఉండకూడదా అని. ఛీ, ఏం మనిషినిరా అనుకున్నాడు. అనుకున్నా అది చల్లారలేదు.

మర్నాటి సాయంత్రం ప్రాక్టీసుకు లోర్కన్ వచ్చాడు. అందరూ వాడి భుజం తట్టారు, ఎవరూ ఏమీ అడగలేదు. ప్యాకీ జట్టు చదివాడు. ఆరో నంబరు లోర్కన్.

"సెనన్, నువ్వు సిద్ధంగా ఉండు" అన్నాడు ప్యాకీ, కాగితంలోంచి తల ఎత్తకుండా.

"సిద్ధంగానా? నాకు పుట్టినప్పట్నుంచీ అదే పని" అని సెనన్ కర్ర భుజాన వేసుకుని బయటికొచ్చాడు. ఇంటికి వెళ్లలేదు. సరస్సు ఒడ్డుదాకా నడిచాడు, అక్కడ నిలవలేక తిరిగొచ్చాడు. ఇంట్లో కాలు కాలిన పిల్లిలా వంటగదికీ పెరటికీ మధ్య తిరుగుతుంటే నోరీన్ కెటిల్ కింద పెట్టి తిరిగింది.

"ఆదివారం వెళ్లకు మరి."

"వెళ్లకపోతే అలిగానంటారు."

"అలిగావుగా?"

"అలిగితే నేనొక్కణ్నే అలగాలి. ఊరంతా చూడాల్సిన పని లేదు. ఆదివారం నా బూట్లెక్కడున్నాయని అడిగితే మాత్రం తెలీదని చెప్పు."

ఆదివారం పొద్దున తనే అడిగాడు. ఆమె తలుపు వెనక్కి వేలు చూపించింది.

గాలి సరస్సు మీంచి ఏటవాలుగా కొడుతోంది. రాథ్‌క్లూన్ మైదానంలో గోడ వెంబడి జనం మూగారు. ఆట మొదలైన కాసేపటికే అర్థమైంది, లోర్కన్ ఒళ్లు ఇక్కడుంది గానీ మనసు ఇక్కడ లేదని. మొదటి బంతి చేతిలోంచి జారింది. రెండోదానికి లేవనేలేదు. అతనికి ఎదురు నిలిచిన రాథ్‌క్లూన్ ఆటగాడు టైగ్ మోలోనీ బండరాయి లాంటివాడు, నోరు అంతకన్నా పెద్దది.

"ఏరా లోర్కన్, కొట్టువాళ్లు సరుకు తిప్పి పంపించారంటగా! పుచ్చిపోయిందేమో చూసుకోలేదా?"

గోడ వెంబడి జనం పగలబడి నవ్వారు. టైగ్ ఒక గోలు కొట్టాడు, అంటే మూడు పాయింట్లు, దాని వెనకే ఇంకో పాయింటు. బయట సెనన్ గీత వెంబడి అటూ ఇటూ తిరుగుతుంటే, గీత దగ్గరి అంపైరు, "అయ్యా, నువ్వు ఆడుతున్నావా, లేదా? తేల్చుకుని వెనక్కి జరుగు" అని కసిరాడు.

విరామానికి ఐదు పాయింట్లు వెనకబడి లోపలికొచ్చారు. లోర్కన్ మూలన కూర్చుని, ఎవరూ చెప్పకముందే జెర్సీ విప్పి సెనన్ వైపు చాపాడు.

"తీసుకో."

"నాకెందుకు?"

"నీకు కావలసింది ఇదే కదా. ఇన్నేళ్లూ స్టాండులో గొంతు చించుకున్నది నా కోసమా? నాకు తెలీదనుకున్నావా? నేను అక్కడుంటేనే నీకిక్కడ చోటు."

సెనన్‌కు చెవులు వేడెక్కాయి. కాదనడానికి ఒక అబద్ధం నాలిక దాకా వచ్చింది గానీ, అది కూడా అక్కడ నిలవలేదు.

"అవును" అన్నాడు. "నీ కోసం కాదు. ఏనాడూ నీ కోసం కాదు."

ఎవరో కిసుక్కుమన్నారు.

"అందుకే చెబుతున్నా విను. నువ్విలా ముక్కు చీదుకుంటూ కూర్చుంటే నిన్ను కౌంటీవాళ్లు మళ్లీ పిలవరు. పిలవకపోతే నువ్విక్కడే ఉంటావు. ఉంటే నా గతేంటి? చచ్చేదాకా బెంచీ తుడవడమేగా! లేవరా. ఆ జెర్సీ వేసుకుని, చూసేవాళ్ల కళ్లు బైర్లు కమ్మేలా ఆడు. నిన్ను వదిలించుకోడానికి నాకింకో దారి లేదు."

మొదట నవ్వినవాడు గోల్‌కీపర్. తర్వాత లోర్కనే నవ్వాడు. నవ్వాడో, ఏడ్చాడో, మోకాళ్ల మీదికి వంగిపోయాడు గనుక తెలియలేదు. లేచినప్పుడు మాత్రం జెర్సీ మళ్లీ అతని ఒంటి మీద ఉంది.

"ప్యాకీ, నన్ను వీడి పక్కన వెయ్యి. ఏడో నంబరులో" అన్నాడు సెనన్. ప్యాకీ ఎదురు చెప్పలేదు. ఆపాటి తెలివి అతనికుంది.

రెండో సగంలో సెనన్ నోరు మూయలేదు. బంతి గాలిలో ఉండగానే, "నీదే, నీదే! నిద్రపోతున్నావా పొడుగ్గాడా!" అని అరిచేవాడు. టైగ్ నోరెత్తితే అతనికీ సమాధానం చెప్పేవాడు. "సరుకు తిప్పి పంపారు సరే, నిన్నసలు కొన్నవాడే లేడుగా!" ఈసారి గోడ వెంబడి జనం సొంతవాణ్ని చూసి నవ్వారు. లోర్కన్ ఒక బంతి అందుకున్నాడు, ఇంకోటి అందుకున్నాడు. తర్వాత ఆకాశంలోంచి దిగినవన్నీ అతని చేతిలోనే దిగాయి. కిల్‌బ్రానన్ ఒక్కో పాయింటే పాకుతూ వెళ్లి లెక్క సమం చేసింది.

ఆట ముగిసే వేళ బంతి టైగ్ వైపు దొర్లింది. వెనక లోర్కన్ కాచుకునే ఉన్నాడు. ఒక్క క్షణం ఆగితే చాలు. ఆ ఆగడమే సెనన్‌కు చేతకాదు. అడ్డంగా దూసుకెళ్లి కర్ర ఊపాడు, బంతికి బదులు టైగ్ చెయ్యి తగిలింది. రిఫరీ ఈల ఊదాడు. టైగ్ లేచి, చెయ్యి విదిలించుకుని, తప్పుకు బదులుగా దొరికిన ఆ ఫ్రీ దెబ్బను నిటారుగా రెండు స్తంభాల మధ్యనుంచి పంపాడు. ఒక్క పాయింటుతో రాథ్‌క్లూన్ గెలిచింది.

సెనన్ బురదలో నిలబడిపోయాడు. అతను కదలకుండా నిలబడగా చూడడం చాలామందికి అదే మొదటిసారి. లోర్కన్ వచ్చి పక్కన నిలబడ్డాడు.

"నేను వెనకే ఉన్నాను" అన్నాడు.

"నాకు తెలుసు."

"తెలిసి?"

"తెలిసీ. ఆగలేకపోయా."

రెండో డివిజన్‌కు పోయినట్టేనని అందరూ బట్టలు మార్చుకుంటుండగా ప్యాకీ ఫోన్ మోగింది. ఐదుగురు లేని బాలీహీరిన్ ఇంకా ఘోరంగా ఓడి, తనే కింద పడింది. కిల్‌బ్రానన్ వెంట్రుకవాసిలో బతికిపోయింది. టీ, హ్యామ్ శాండ్‌విచ్‌లు పెట్టిన బల్ల దగ్గర మాసీ ఎదురయ్యాడు. "మా ఫ్రీ మాకిచ్చినందుకు సంతోషం నాయనా. రేపు పాలు రెండు చుక్కలు ఎక్కువే పోస్తా" అన్నాడు. సెనన్ శాండ్‌విచ్ నమిలే మిషతో తప్పించుకున్నాడు.

వేసవి మొదట్లో కౌంటీ జట్టులో ఒకడి మోకాలు పోయింది, లోర్కన్‌ను మళ్లీ పిలిచారు. సెనన్ స్టాండులో మామూలుగానే కేకలేశాడు. ఈసారి లోర్కన్ మైదానంలోకి వస్తూ, ఆ గొంతు వినబడిన వైపుకు కర్ర ఎత్తి చూపించాడు. చుట్టూ ఉన్నవాళ్లు అదేదో గొప్ప స్నేహమని మురిసిపోయారు. కౌంటీ ఓడాక చాంపియన్‌షిప్ వచ్చింది. ప్యాకీ సెనన్‌ను ఏడో నంబరులోనే ఉంచాడు. రెండో మ్యాచ్‌లో అతని తొడ నరం పట్టేసింది. డాక్టరు కదలొద్దన్నాడు. కదలొద్దన్నది ఆయన మాటల్లో సెనన్‌కు అర్థం కాని ముక్క. కుంటుతూ గోలు వెనక నిలబడి బంతులు ఏరి ఇచ్చాడు.

ఆటగాళ్లను ఎంపిక చేసే పనిలో తనకు సాయం రమ్మని ఆ చలికాలం ప్యాకీ అడిగాడు. "చచ్చాక వస్తా" అన్నాడు సెనన్. ఇంకో రెండు వసంతాలు లీగ్ ఆడాడు, లోర్కన్ లేని నెలల్లో ఆరో నంబరు వేసుకుని. రెండో ఏడాది కిల్‌బ్రానన్ నిజంగానే కింద పడింది. ఆ మర్నాడు కొట్టం దగ్గర మాసీ గేటు మీద వాలి, ఎప్పుడూ లేనంత మెల్లగా అడిగాడు.

"ఇక మానేస్తావా?"

"మానెయ్యడమా?" అన్నాడు సెనన్, గొట్టం బిగిస్తూ. "రెండో డివిజన్ సంగతి నీకు తెలీదు. అక్కడ కౌంటీకి ఆడేవాళ్లు అరుదు, అందరూ నాలాంటివాళ్లే. ఒకణ్నొకడు కొరికేసుకుంటారు. జనవరి దాకా ఎలా ఆగాలా అని చూస్తున్నా."